వాన లేని సీన్లో తడిసిన జడ

"ఈ ఇంటి కప్పు కారుతోందా?"

నేను సొంతంగా చేసిన మొదటి పనికి వచ్చిన మొదటి అభిప్రాయం ఇది. ఎక్కడో సముద్రాల అవతల క్లయింటు ఆఫీసులో కూర్చునే ఆర్ట్ డైరెక్టరు తన సాయంత్రం పూట ఇది టైప్ చేసి ఇంటికి వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున సికింద్రాబాద్‌లో మేం ఆఫీసు తలుపు తీసేసరికి అది నా స్క్రీన్ మీద కూర్చుని ఉంది. కింద ఇంకో రెండు ముక్కలు: "ఆమె జుట్టు తడిసిపోయింది. ఈ సీన్లో వాన లేదు."

నేను వెంట్రుకల పని చేస్తాను. ఇలా చెబితే పెళ్ళిళ్ళలో సగం మంది నాకు సెలూన్ ఉందనుకుంటారు, మిగతా సగం విగ్గుల వ్యాపారం అనుకుంటారు. నిజానికి పీసీ గేముల్లో కనిపించే మనుషుల తలల మీద జుట్టు మొలిపిస్తాను. దువ్వుతాను, జడ వేస్తాను, గాలి వస్తే అది ఎటు ఎగరాలో చెబుతాను. మౌలాలిలో మా వీధి వాళ్ళకు అమ్మ మాత్రం "మావోడు కంప్యూటర్ల ఉంటడు" అని చెప్పి ఊరుకుంటుంది. అదీ ఒకరకంగా నిజమే.

ఈ పనిలోకి ఎలా వచ్చానంటే పెద్ద కథేమీ లేదు. నా చిన్నప్పటి గేముల్లో జుట్టు అంటే తల మీద బోర్లించిన స్టీలు గిన్నె. హీరో మేడ మీద నుంచి దూకినా, పక్కన బాంబు పేలినా, క్రాపు చెదిరేది కాదు. కాలేజీలో ఉన్నప్పుడు ఒక గేము సెట్టింగుల్లో "సహజమైన జుట్టు" అనే మీట కనిపించింది. నొక్కాను. హీరో తల మీద ప్రతి వెంట్రుకా విడివిడిగా కదిలింది. హీరో మాత్రం కదల్లేదు. నా కంప్యూటరు శక్తి అంతా జుట్టుకే సరిపోయింది. లోపలి ఫ్యాను మోతకు అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, "కుక్కర్ ఏడ పెట్టినవ్‌రా?" అని అడిగింది. నేను మాత్రం నిలబడిపోయిన ఆ హీరో నుదుటి మీద ఊగుతున్న వెంట్రుకలనే చూస్తున్నాను. ఎవరో ఒకరు కూర్చుని దీన్ని చేశారు కదా అనిపించింది. వాళ్ళకు జీతం ఇస్తారు కదా అని కూడా అనిపించింది.

అలా చివరికి ఒక చిన్న స్టూడియోలో చేరాను. ఆరు నెలలు ప్రొబేషన్. మొదటి అయిదు నెలలు ఇతరులు చేసిన తలలకు కనుబొమ్మలు సరిచేశాను. చివరి నెలలో ఒక పూర్తి తల నాకు అప్పగించారు. పల్లెటూరి సత్రం నడిపే యాభై ఏళ్ళ స్త్రీ. హీరో వాన లేని ఒక సాయంత్రం ఆ సత్రానికి వస్తాడు. ఆమె పొయ్యి ముందు కూర్చుని, అతని అన్న ఏ దారిన పోయాడో చెబుతుంది. ఆమె మాట్లాడుతున్నంత సేపూ తెరనిండా ఆమె తలే. నాకిచ్చిన వివరం ఇంతే: పొడవాటి జడ, బాగా చూసుకునే జుట్టు.

బాగా చూసుకునే జుట్టంటే నాకు తెలిసింది మా అమ్మది. చిన్నప్పటి నుంచి బస్సులో, రేషన్ షాపు క్యూలో, స్కూలు గేటు దగ్గర ఆ జడ వెనకాలే నడిచి పెద్దవాణ్ణయ్యాను. అది నాకు ముఖం కంటే ఎక్కువ గుర్తు. అమ్మ చారు కాస్తుంటే వెనక నుంచి ఫోనులో బొమ్మలు తీసుకుని, వాటిని ముందు పెట్టుకుని పని మొదలుపెట్టాను.

మేం జుట్టు నాటే పద్ధతి సులువుగానే అర్థమవుతుంది. ముందు కొన్ని పెద్ద వెంట్రుకలను చేత్తో నాటుతాం. మిగతా వేల వెంట్రుకలు వాటిని చూసి నడుచుకుంటాయి. పెద్దల మాట ఇంత బాగా వినే జాతి ఇంకొకటి లేదు. పక్కపక్క వెంట్రుకలు ఎంత దగ్గరగా అతుక్కోవాలో చెప్పడానికి ఒక మీట ఉంటుంది, వాటి మీద వెలుగు ఎంత పదునుగా మెరవాలో చెప్పడానికి ఇంకొకటి. నేను ఆ రెండింటినీ అమ్మ జడతో పోల్చుకుంటూ తిప్పాను. సరిగ్గా కుదిరింది. అప్పుడు కలిగిన గర్వం గురించి చెప్పను, కప్పు కారుతోందా అని వాళ్ళు అడిగేశారు కాబట్టి.

ఆ పొద్దున ముగ్గురం స్క్రీన్ ముందు చేరాం. నేను, మా లీడ్, లైటింగ్ చూసే అమ్మాయి. లీడ్‌ది బన్సీలాల్‌పేట్. ఆయన్ని అందరం అన్న అంటాం. ఆయన స్క్రీనుకు ముక్కు ఆనించినంత దగ్గరగా వెళ్ళాడు.

"ఏడ తడిసింది భాయ్? నాకైతే మంచిగనే కనవడుతున్నది."

"నా వంక చూడకండి," అంది లైటింగ్ అమ్మాయి. "పొయ్యి ముందు కూర్చుంది, మెరవదా మరి? మా అమ్మమ్మ జుట్టూ ఇంతేగా."

"మా అమ్మది సుత గింతే," అన్నాడు అన్న.

ముగ్గురి ఇళ్ళలోని ఆడవాళ్ళూ మావైపే సాక్ష్యం చెప్పారు. అయినా డబ్బిచ్చేది అవతలివాళ్ళు. మెరుపు కొంచెం తగ్గించి మళ్ళీ పంపాను. తెల్లారి జవాబు: "కాస్త ఆరింది. తువ్వాలు ఇచ్చారా?"

ఈ ఆర్ట్ డైరెక్టరు మా వీధిలో పుట్టి ఉంటే మేం మంచి స్నేహితులమయ్యేవాళ్ళం. కానీ ఆ పూట నాకు నవ్వు రాలేదు. అన్న నన్ను మెట్ల దగ్గరికి తీసుకెళ్ళాడు. మా ఆఫీసులో మెట్ల దగ్గరికి పిలిచారంటే జీతం సంగతో, జీవితం సంగతో.

"సూడు తమ్మీ, పరేషాన్ గాకు. కానీ ఉన్నది ఉన్నట్టు చెప్త. నెలాఖరుకు నిన్ను పర్మనెంట్ చెయ్యాల్నా వద్దా అని నన్నడుగుతరు. గీ తల పాసైతే నేను దిల్ ఖోల్‌కే మంచోడు అని చెప్త. మూడోసారి సుత వాపస్ వస్తే పైనోళ్ళు నా మాట ఇనరు. వేరేటోన్ని పెడ్తరు."

"అన్నా, అసలు తప్పేందో తెలుస్తలేదు."

"నాకు సుత తెలుస్తలేదురా. గదే కదా తక్లీఫ్."

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. ఆఫీసు ఇంకా ఆలోచిస్తోంది గానీ, అమ్మ ఎప్పుడో నన్ను పర్మనెంట్ చేసేసింది. చుట్టాలకు, కూరగాయల బండి అతనికి, పక్కింటి రిటైర్డ్ టీచరమ్మకు, అందరికీ చెప్పేసింది. మా ఇంట్లో హెచ్‌ఆర్ చాలా వేగంగా పనిచేస్తుంది. ఉద్యోగం పోతే నేను ఇంకో ఉద్యోగం వెతుక్కోవచ్చు. అమ్మకు ఇంకో వీధి వెతకాలి.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి ల్యాప్‌టాప్ తెరిచి ఆ తలనే చూస్తూ కూర్చున్నాను. అమ్మ చిక్కుడుకాయలు గిల్లుతూ వెనక నుంచి తొంగిచూసింది.

"గీమె ఎవరురా?"

"మంచు వడే దేశంల సత్రం నడుపుతదమ్మా. గేముల."

"మంచిగున్నది. తలకు నూనె వెట్టి ఎంత సక్కగ అల్లుకున్నది సూడు. ఇల్లు సూసుకునే మనిషి లెక్కున్నది." ఒక చిక్కుడుకాయ గిల్లి గిన్నెలో వేసి, ఆశ్చర్యంగా అడిగింది. "గా దేశంల సుత కొబ్బరినూనె దొరుకుతదా?"

నేను ల్యాప్‌టాప్ వంక చూశాను. అమ్మ జడ వంక చూశాను. మళ్ళీ ల్యాప్‌టాప్ వంక.

ఈ భూమి మీద నా పనిని మనసారా మెచ్చుకున్న మొదటి మనిషి మా అమ్మ. ఆమె మెచ్చుకున్నదే నా తప్పు. మంచు కురిసే దేశంలో సత్రం నడుపుకుంటున్న ఒక పెద్దావిడకు నేను తలనిండా కొబ్బరినూనె పట్టించి పొయ్యి ముందు కూర్చోబెట్టాను. అది చూసిన దొరలకు తడి కనిపించింది. మాకు ముగ్గురికీ జుట్టు కనిపించింది. నూనె పెట్టని తల ఒకటి ఉంటుందని, బాగా చూసుకున్నా అది అలాగే ఉండవచ్చని మాలో ఎవరికీ తోచనే లేదు.

జబ్బేమిటో తెలిసినంత హాయిగా నిట్టూర్చాను. మందు కోసం మళ్ళీ అమ్మ దగ్గరికే రావాల్సి వచ్చింది. నాకు పొడి జుట్టు కావాలి, పొడవాటిది, ఎదురుగా, కదులుతూ. ఇంటర్నెట్‌లో షాంపూ ప్రకటనల్లో దొరికే జుట్టు పనికిరాదు. అది జుట్టు కాదు, పట్టుచీర.

"అమ్మా, ఆదివారం తలస్నానం చేసి, నూనె వెట్టకుంట, జెరసేపు డాబా మీద కూసోవా? వీడియో తీసుకుంట."

అమ్మ చిక్కుడుకాయలు పక్కన పెట్టింది.

"తల ఇరబోసుకొనా?"

"అవ్."

"నూనె లేకుంట?"

"అవ్."

"డాబా మీద? అందరు సూడంగ? ఎవరో సచ్చినట్టు?"

"ఎవ్వరు సూడరే. ఆదివారం టీచరమ్మ చర్చికి పోతది, మిగిలినోళ్ళు ఇంకా లేవరు."

"దయ్యం లెక్క కూసోబెడ్తడంట కన్నతల్లిని."

"పర్మనెంట్ అయితదమ్మా."

ఆ మాటకు అమ్మ చిక్కుడుకాయల గిన్నె మళ్ళీ ముందుకు లాక్కుంది. "మోండా మార్కెట్‌కు పోయి మంచి కుంకుడుకాయలు తే. షాంపూ వెడితే పీచు లెక్కయితది," అంది. రాజీ కుదిరింది.

ఆదివారం ఉదయం అమ్మ డాబా మీద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. కుంకుడు రసంతో రుద్దిన జుట్టు నడుం దాటి పరుచుకుంది. నేను ఫోను పట్టుకుని చుట్టూ తిరుగుతున్నాను. సినిమా తీసేవాడికి ఉన్నంత పొగరు పది నిమిషాల్లోనే వచ్చేసింది.

"నవ్వకు. జెర తల అటు తిప్పు. ఇటు. ఇంకోసారి. మెల్లగ ఊపు. ఊపుతనే ఉండు."

అమ్మ నవ్వకుండా, జుట్టు విరబోసుకుని, తల అటూ ఇటూ ఊపుతూ కూర్చుంది. నాకది అద్భుతమైన నమూనా. అదే సమయానికి చర్చి నుంచి తిరిగొచ్చి, తన డాబా మీద ఆరేసిన బట్టలు తీయడానికి పైకెక్కిన పక్కింటి టీచరమ్మకు మాత్రం అది ఇంకోలా కనిపించింది. ఆమెది కాకినాడ వైపు. తెల్లచీర, చేతిలో బైబిలు సంచి ఇంకా దించలేదు. పిట్టగోడ పట్టుకుని నిలబడిపోయింది.

"ఏమండీ... ఎవరండీ? ఎప్పుడండీ?"

అమ్మ తల ఊపడం ఆపలేదు. నేను ఆపమనలేదు మరి.

"ధైర్యంగా ఉండాలండీ. దేవుడు ఇచ్చాడు, దేవుడే..."

"ఎవ్వరు పోలే టీచరమ్మా!" అంది అమ్మ గాభరాగా. "గదేం లేదు. గీనిదే, గీని నౌకరీ!"

"అయ్యో ప్రభువా!" టీచరమ్మ నా వంక తిరిగింది. "ఉద్యోగం పోయిందా బాబూ?"

"ఇంకా లేదండీ," అన్నాను. అబద్ధం చెప్పడం ఇష్టం లేక.

టీచరమ్మ అడిగిన 'ఉద్యోగం పోయిందా', నేనన్న 'ఇంకా', ఈ రెండు ముక్కలే కింద వీధిలో నిలబడ్డ కూరగాయల బండి అతనికి వినిపించాయి. ఆదివారం కాబట్టి ఆ వార్త మౌలాలి కమాను దాటడానికి ఎంతో సేపు పట్టలేదు.

విషయం మొత్తం వివరించడానికి సమయం పట్టింది. గేము, సత్రం, పొయ్యి, నూనె. టీచరమ్మ ముప్పై ఏళ్ళు పిల్లలకు సైన్సు చెప్పిన మనిషి. నేను చెప్పేది పరీక్ష పేపరు దిద్దుతున్నట్టు శ్రద్ధగా వింది.

"అంటే వెంట్రుకలు విడివిడిగా ఎగరాలి కదా బాబూ. ఇక్కడ గాలేది? ఉండు." కిందకు వెళ్ళి, టేబుల్ ఫ్యానూ పొడుగు వైరూ పట్టుకుని మా డాబాకే వచ్చేసింది. ఫ్యాను పెట్టి, అమ్మ గడ్డం పైకెత్తి, "ఇటు చూడండి, ఫొటోలో ముఖం పడట్లేదు," అంది.

"మొకం గాదు టీచరమ్మా, ఎంటికలే కావాల్నట."

"అదేవిటండీ, కళ గల ముఖం పెట్టుకుని!"

అమ్మకు నవ్వొచ్చింది. ఆ నవ్వుతో షాట్ పాడైంది, ఇంకోసారి తీశాను.

పొడి జుట్టు నేననుకున్నట్టు లేదు. నూనె పెట్టినప్పుడు జడ మొత్తం ఒకటే మాట మీద ఉంటుంది. ఇప్పుడు ఏ వెంట్రుకకూ పక్కదానితో పొత్తు లేదు. పాపిడి దగ్గర పొట్టివి నిటారుగా లేచి నిలబడ్డాయి. నుదుటి చుట్టూ ఏదో పొగ కమ్మినట్టు సన్నటి వెంట్రుకలు. వెనక నుంచి ఎండ పడితే చివర్లు నల్లగా కాదు, బెల్లం రంగులో ఉన్నాయి. వెలుగు పైపొర మీద తెల్లగా జారుతోంది, కొంత లోపలికి వెళ్ళి ఆ బెల్లం రంగు అంటించుకుని బయటికొస్తోంది. ఈ సంగతి పాఠంగా నేను ఎప్పుడో చదివాను. అమ్మ తల మీద చూడడం అదే మొదలు.

ఫ్యాను గాలికి పైపొర లేచినప్పుడు లోపల తెల్లవి కనిపించాయి. ఒకటీ రెండూ కాదు. ఇన్నాళ్ళూ నూనె వాటిని నల్లవాటి కింద అణిచిపెట్టి ఉంచింది. నేను ఫోను దించాను.

"ఏమైందిరా?"

"బ్యాటరీ," అన్నాను.

బ్యాటరీ నిండుగా ఉంది. ఒక నిమిషం ఆగి మళ్ళీ మొదలుపెట్టాను, ఆ తెల్లవాటిని కూడా తీసుకున్నాను. సత్రం ఆవిడకూ యాభై ఏళ్ళే కదా.

మధ్యాహ్నానికి కూరగాయల బండి అతను, ఇస్త్రీ చేసే ఆమె, వెనక వీధి పెద్దనాన్న, ఒకరి తర్వాత ఒకరు పరామర్శకు వచ్చారు. అమ్మ గేటు దగ్గరే నిలబడి అందరికీ ఒకటే జవాబు చెప్పింది. "పోలే! ఎంటికలు ఎండితే ఉంటది!" ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఆ తల్లి మనసు బాగాలేదని మాత్రం అందరికీ అర్థమైంది.

సోమవారం ఆఫీసులో నూనె తుడిచేశాను. అతుక్కునే మీట బాగా తగ్గించాను, మెరుపును వెడల్పు చేశాను, నుదుటి దగ్గర పొట్టి వెంట్రుకలు నాటాను, లోపలి పొరల్లో తెల్లవి కలిపాను. తల చూసి అన్న "వారెవ్వా" అన్నాడు. తర్వాత టెస్టింగ్ కంప్యూటరులో సీను నడిపాం. ఆమె జుట్టు ఎంత అందంగా కదిలిందంటే, పక్కనున్న పొయ్యిలో మంట ఆగిపోయింది. హీరో తలుపు దగ్గర ఒక కాలు పైకెత్తి అలాగే ఉండిపోయాడు. ఆట ఆడేవాడి కంప్యూటరు మీద ఇంత బరువు పెడితే వాడు జుట్టును మెచ్చుకోడు, ఆటనే తీసి పారేస్తాడు.

"తమ్మీ, కెమెరా ఎనకకు పోతదా?" అని అడిగాడు అన్న.

"పోదన్నా. ముందల, పక్కల. గంతే."

"మరి ఎనక ఎవరి కోసం పెట్టినవ్‌రా?"

ఆమె తల వెనకభాగం సగానికి పైగా పీకేశాను. ముందు నుంచి చూస్తే నిండైన ఇల్లాలు, వెనక నుంచి చూస్తే తలనీలాల మొక్కు సగంలో ఆగిపోయిన మనిషి. మంట మళ్ళీ వెలిగింది. హీరో కాలు దించి లోపలికొచ్చాడు. సాయంత్రం ఆరింటికి మూడోసారి పంపించాను.

మర్నాడు ఎంఎంటీఎస్ రైల్లో కిటికీ పక్క సీటు దొరికింది, అయినా సంతోషం కలగలేదు. అమ్మ పెట్టిన ఉప్మా సగం వదిలేసి వచ్చాను. ఆఫీసు చేరేసరికి అన్న నా కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మనిషి కదల్లేదు. ఇంకొకరి కుర్చీలో కూర్చుని కదలకుండా ఉన్న మనిషిని చూస్తే ఏ వార్తనైనా ఊహించుకోవచ్చు. నేను చెడ్డదే ఊహించుకున్నాను.

"సదువు," అన్నాడు స్క్రీన్ చూపించి.

"ఆరింది. నుదుటి దగ్గరి ఆ చిన్న వెంట్రుకలను ఎవరూ ముట్టుకోవద్దు. ఆమోదం."

రెండోసారి చదివాను. లైటింగ్ అమ్మాయి వెనక నుంచి వచ్చి చప్పట్లు కొట్టింది, తర్వాత తన లైటింగ్ గురించి ఏమన్నా రాశాడా అని అడిగింది. ఏమీ రాయలేదు. లైటింగ్ బాగుంటే ఎవరూ ఏమీ రాయరట. అన్న లేచి నా భుజం తట్టాడు.

"పైనోళ్ళకు చెప్పిన. ఇగ నువ్వు మనోడివే. గిప్పుడన్న ఊపిరి పీల్చు, నీలంగ అయితున్నవ్."

మెట్ల దగ్గరికి వెళ్ళి అమ్మకు ఫోను చేశాను. ఈసారి ఎవరూ పిలవలేదు, నేనే వెళ్ళాను. విషయం చెప్పాను.

"ఆఫీసోళ్ళే చెప్పిన్రా, లేకపోతే నువ్వే అనుకుంటున్నవా?"

"ఆఫీసోళ్ళే అమ్మా."

"పర్మనెంటేనా?"

"పర్మనెంటే."

ఫోను పక్కకు జరిగిన చప్పుడు. తర్వాత గోడ అవతలికి గట్టిగా ఒక కేక: "టీచరమ్మా! ఉన్నది! నౌకరీ ఉన్నది!" అవతల నుంచి "స్తోత్రం!" అని జవాబు. వీధి మొత్తానికి ఆ పూట నా ఉద్యోగం రెండోసారి వచ్చింది. అమ్మ మళ్ళీ ఫోనులోకి వచ్చింది. "పొద్దున సగం ఇడిచిపెట్టి పోయినవ్. ఏమన్న తిను," అని పెట్టేసింది.

అప్పుడు తెలిసింది, నాకు ఆకలేస్తోంది. మామూలు ఆకలి కాదు, వారం రోజులు ఎక్కడో తిరిగి ఒక్కసారిగా ఇంటికొచ్చిన ఆకలి. అన్నా నేనూ కిందకు దిగి రోడ్డు పక్క బండి దగ్గర నిలబడ్డాం. దోశ పెనం మీద చుయ్‌మంటోంది. ఎండ వెచ్చగా ఉంది. బస్సుల హారన్లు కూడా ఆ పూట మర్యాదగానే వినిపించాయి.

"వచ్చే వారం నీకు కొత్త తల," అన్నాడు అన్న, చట్నీ ముంచుకుంటూ. "మఠంల ఉండే సాధువు. నున్నటి గుండు. జిందగీల అంతకంటే ఆసాన్ పని రాదు."

నాకూ అలాగే అనిపించింది. ఒక ముద్ద మింగాక అనిపించడం మానేసింది.

"అన్నా, గుండు మీద మెరుపు ఎంతుండాలె? క్లయింటును ముందే అడిగి రాపిస్తవా?"

ఆయన నమలడం ఆపి, దోశ ముక్క చేతిలోనే పట్టుకుని, సీరియస్‌గా ఆలోచించడం మొదలుపెట్టాడు.